కాళేశ్వర ఉపల మఠము - పాదచారికి ఒక పాఠము



మన ధర్మమున స్థావరమనియు జంగమమనియు రెండు మాటలు కలవు. కదలక నిలుచునది స్థావరము, కదలుచు బ్రదుకునది జంగమము. శిథిలమైన మఠమును చూడబోవు యాత్రికుడు ఈ రెండు మాటల నడుమ నడచుచుండును. అతని ముందున్న రాయి స్థావరము, అతని పాదము జంగమము. రాయి తనంతట తాను కథ చెప్పదు. దాని చుట్టును తిరిగి, వంగి చూచి, నీరు ఎచ్చటినుండి వచ్చెనో, వంటశాల ఎచ్చట నుండెనో, అక్షరము ఏ వైపునకు తిరిగి యున్నదో కనుగొనిన వానికే అది పలుకును.

ఈ సంచికలోని పాఠమునకు మన గోదావరీ తీరమును ఎన్నుకొంటిమి. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలను 2016 అక్టోబరులో పెక్కు జిల్లాలుగా విభజించిరి. కాళేశ్వరము నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, మంథని పెద్దపల్లి జిల్లాలోను, చెన్నూరు మంచిర్యాల జిల్లాలోను ఉన్నవి. పేర్లు మారినను నది మారలేదు. ఏడు వందల అరువది యేండ్లకు పూర్వము ఈ నదీతీరమున ఉపల మఠమను పేర ఒక శైవ మఠము వెలసినది. దానిని గూర్చి ఏమి తెలియును, దాని చుట్టుపట్ల నడచువాడు ఏమి చూడవలెను, చూచినదాని నుండి మన కుటుంబములును మఠములును ఏమి నేర్వవలెను అను మూడు విషయములను క్రమముగా చెప్పుకొందము. పాఠమంతయు ముగియునప్పటికి ఒక్క ప్రశ్నకు సమాధానము దొరకవలెను: మఠమును మఠముగా నిలిపినది గోడయా, అచ్చట జరిగిన పనియా?

1. శిలపై నిలిచిన పేరు

ఉపల మఠమును గూర్చి తెలుపు ఆధారము కాళేశ్వరమునకు బహుదూరమున, కృష్ణానది దక్షిణపు గట్టున, గుంటూరు జిల్లా మందడము చెంతనున్న మల్కాపురములో కలదు. అది శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి గొప్ప శిలాశాసనము. కాకతీయ గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యునకు మందర గ్రామమును ఇత్తునని పలికెను. ఆ మాటను ఆయన కుమార్తె రుద్రమదేవి చెల్లించెను. మందరమునకు తోడు వెలంగపూడిని, నదిలోని లంకలను కూడ చేర్చి దానమిచ్చెను. ఆ మందరమే నేటి మందడము, ఆ వెలంగపూడియే నేటి వెలగపూడి.

విశ్వేశ్వర శివాచార్యుడు తెలుగువాడు కాడు. గౌడదేశములోని రాఢ ప్రాంతమున పూర్వగ్రామమున పుట్టినవాడు. ఆయన పరంపర నర్మదా భాగీరథీ నదుల నడుమనున్న డాహల మండలమున వెలసిన గోళకీ మఠమునకు చెందినది. కలచురి రాజైన యువరాజదేవుడు సద్భావశంభువను గురువునకు మూడు లక్షల గ్రామములను భిక్షగా నిచ్చెననియు, ఆ గురువు దానితో గోళకీ మఠమును స్థాపించెననియు శాసనము చెప్పుచున్నది. ఈ సంఖ్యను శాసనకవి మాటగా గ్రహింపవలెనే గాని లెక్కపత్రముగా కాదు. ఆ మఠమునకు లభించిన రాజాశ్రయము ఎంత గొప్పదో దానివలన తెలియును. శైవ క్రియాకాండను క్రమబద్ధముగా వ్రాసి దేశమంతట ప్రసిద్ధుడైన సోమశంభువు ఈ పరంపరలోనివాడే.

మల్కాపుర శాసనమున మనము ముఖ్యముగా గమనింపవలసినది దాన విభజనము. గ్రామముల ఆదాయమును మూడు సమభాగములు చేసిరి. ఒక భాగము శివునికి, రెండవ భాగము విద్యార్థుల పోషణకును శుద్ధశైవ మఠమునకును, మూడవ భాగము ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. మూడు వేదములను చెప్పుటకు ముగ్గురు ఉపాధ్యాయులను, వ్యాకరణము, తర్కము, సాహిత్యము, ఆగమము మున్నగువానిని బోధించుటకు ఐదుగురిని నియమించిరి. ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయు ఒక కాయస్థుడును ఉండిరి. గ్రామమునకు వలసిన వృత్తిపనివారికి భూములు ఇచ్చిరి. అన్నసత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని కట్టడి చేసిరి.

ఆ శాసనమే విశ్వేశ్వర శివాచార్యుడు ఇతర స్థలములందు చేసిన స్థాపనలను కూడ వరుసగా చెప్పుచున్నది. ఆ వరుసలో మన ప్రాంతపు పేర్లు రెండు కలవు. మొదటిది కాళేశ్వరము, అచ్చట ఆయన ఉపల మఠమును స్థాపించెను. రెండవది మంత్రకూటము, అనగా నేటి మంథని, అచ్చట తన పేర శివలింగమును ప్రతిష్ఠించెను. ఇట్లు కృష్ణాతీరమున నిలిచిన ఒక రాయి గోదావరీ తీరపు మఠమును నేటికిని జ్ఞాపకము చేయుచున్నది.

2. అంతకు పూర్వపు అడుగులు

ఈ ప్రాంతమున శైవమఠముల చరిత్ర విశ్వేశ్వర శివాచార్యునితో మొదలు కాలేదు. కాకతీయులు ఇంకను సామంతులుగా నున్న కాలమున, 1090లో, రెండవ బేతరాజు వైజనపల్లి గ్రామమును శివపురమని పేరు మార్చి రామేశ్వర పండితునకు దానమిచ్చెను. కాజీపేట దర్గా వద్ద దొరకిన శాసనము దీనిని తెలుపుచున్నది. రామేశ్వర పండితుడు కాలాముఖ శైవాచార్యుడు, లాకులాగమమున ఆరితేరినవాడు. ఆయన మూలస్థానము శ్రీశైలమందలి మల్లికార్జున శిలామఠము. శిల యన్నను ఉపల మన్నను రాయియే. పేర్లకు అర్థ మొక్కటియైనను పరంపరలు మాత్రము వేరు. శిలామఠము కాలాముఖులది, ఉపల మఠము గోళకీ సంప్రదాయపు శుద్ధశైవులది.

ఇచ్చట చదువరులు ఒక జాగ్రత్త వహింపవలెను. కాలాముఖులు, శుద్ధశైవులు, వీరశైవులు ముగ్గురును శివభక్తులే. అయినను ముగ్గురి ఆచారము ఒకటి కాదు. ఉపల మఠము వీరశైవ మఠము కాదు. అచ్చటి ఆచార్యులు ఆలయమున స్థాపించిన లింగమును ఆగమోక్తముగా అర్చించిరి. బసవేశ్వరుని అనుయాయులు ఇష్టలింగమును అరచేత నిలిపి పూజించిరి. శాసనము చెప్పని సంబంధమును మనము కల్పింపరాదు. చరిత్రకు మనము చేయదగిన మొదటి సేవ ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట.

అయినను ఈ మఠముల చరిత్ర మనకు పరాయిది కాదు. బసవేశ్వరుడు బాల్యమున విద్య నేర్చినది కృష్ణా మలప్రభా నదులు కలియు కూడల సంగమమున, జాతవేదముని ఆశ్రయమున నని మన సంప్రదాయము చెప్పుచున్నది. అనగా మన ఆదిపురుషుడు కూడ నదీసంగమమున నున్న ఒక శైవ విద్యాస్థానమున పెరిగినవాడే. ఆయన కాలమునాటి మఠములు ఎట్లుండెడివో తెలిసికొనుటకు కర్ణాటకమున శివమొగ్గ జిల్లాలోని బళ్లిగావె కోడియ మఠపు శాసనమును చూడవలెను. అది బిజ్జలుని ఏలుబడిలో 1162లో వెలసినది. నాలుగు వేదములు, వ్యాకరణములు, షడ్దర్శనములు, పురాణములు అచ్చట పఠింపబడెను. దీనులకు, కుంటివారికి, గ్రుడ్డివారికి, చెవిటివారికి అన్నము పెట్టిరి. రోగులకు మందు ఇచ్చిరి. అది కాలాముఖుల మఠము. కల్యాణమున శరణులు దాసోహమను మాటకు క్రొత్త ప్రాణము పోయుచున్న దినములలోనే, ఆ రాజ్యమునందే మరియొక శైవ పరంపర ఈ పని చేయుచుండెను. రెంటికిని గల భేదమును పాఠము చివర చెప్పుకొందము.

3. నడక - మొదటి మజిలీ నగునూరు

కరీంనగరు నుండి కాళేశ్వరము సుమారు 130 కిలోమీటర్లు. త్రోవ అంతయు కాలినడకన పోనక్కరలేదు. ఊరినుండి ఊరికి బస్సున పోయి, ఊరు చేరిన పిమ్మట మాత్రము వాహనము విడిచి నడువవలెను. మార్గశిరము మొదలు మాఘము వరకు తగిన కాలము. అప్పటికి గడ్డి ఎండి రాతి వరుసలు బయటపడును, నది తగ్గి రేవులు కనబడును, ఎండ బాధింపదు.

మొదటి మజిలీ కరీంనగరునకు 8 కిలోమీటర్ల దూరములోని నగునూరు. ఈ సీమకు పూర్వకాలమున సబ్బినాడని పేరు. కాకతి రుద్రదేవుడు జయించిన దొమ్మరాజు ఈ నగునూరును ఏలెనని చరిత్రకారులు చెప్పుదురు. పిమ్మట రుద్రదేవుని మంత్రి గంగాధరుడు సబ్బినాటిని పాలించెను. ఆయన కట్టించిన ఆలయములను 1170 నాటి కరీంనగరు శాసనము వర్ణించుచున్నది. నగునూరు కోటలో చాళుక్య, కాకతీయ కాలముల ఆలయ సమూహము శిథిలమై నిలిచియున్నది. అందు మూడు గర్భగృహములు ఒక మండపమునకు తెరచుకొను త్రికూటాలయమును చూడవచ్చును.

మఠమును వెదకువాడు ముందుగా ఆలయమును చూడనేల అని అడుగవచ్చును. ఆలయపు అవయవములు తెలిసినవానికే ఆలయము కానిది తెలియును. నగునూరున నిలిచి ఈ నాలుగింటిని గుర్తింపవలెను: గర్భగృహపు ద్వారబంధము, అభిషేకజలము వెలికి పోవు తూము, నునుపుగా తిరుగుడు పట్టిన మండప స్తంభములు, ఎత్తైన అధిష్ఠానము. ఈ నాలుగును ఉన్నచోట అది దేవుని ఇల్లు. ఇవి లేక, మందమైన సాదా గోడలును, వరుసగా చిన్న గదులును, నడుమ ముంగిలియు, ప్రక్కన బావియు ఉన్నచోట అది మనుష్యులు వసించిన ఇల్లు. శిథిలము ఏదైనను ముందు ఈ విభాగము చేసికొనవలెను.

4. రెండవ మజిలీ మంథని

నగునూరు నుండి మంథని చేరవలెను. దీనికి మంత్రకూటమనియు మంత్రపురియనియు పేర్లు కలవు. వేదాధ్యయనమునకు తరతరములుగా ప్రసిద్ధమైన ఊరు. గోదావరి గట్టున గౌతమేశ్వరాలయమును చూచి, ఊరిలోని భిక్షేశ్వరాలయము మున్నగువానిని వరుసగా నడచి చూడవలెను. విశ్వేశ్వర శివాచార్యుడు తన పేర లింగమును ప్రతిష్ఠించినది ఈ ఊరనే.

ఈ ఊరి వీథులలో నడచునపుడు ఒక పూర్వకథను తలచుకొనవలెను. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనము మంత్రకూటపు గుండరాజును పేర్కొనుచున్నది. రెండవ ప్రోలరాజు ఆ గుండని తల గొరిగించి, రొమ్మున వరాహముద్ర వేయించి అవమానించెను. గుండని రాజ్యము అంతటితో ముగిసెను. అతని కోట పోయెను, వంశము పోయెను. అయినను మంథనిలో చదువు పోలేదు. తండ్రి కొడుకునకు, గురువు శిష్యునకు నోటితో అందించిన విద్య రాజు పోయినను నిలిచెను. రాతితో కట్టినది రాజుతో పోయినచోట మనిషితో కట్టినది మనిషి నుండి మనిషికి నడచెను. ఈ మాటను గుర్తుంచుకొని కాళేశ్వరమునకు పోవలెను.

5. మూడవ మజిలీ కాళేశ్వరము

మంథని నుండి మహాదేవపురము మీదుగా అడవిత్రోవన కాళేశ్వరము చేరుదుము. శ్రీశైలము, ద్రాక్షారామము, కాళేశ్వరము అను మూడు శైవక్షేత్రములు ఎల్లలుగా గలది త్రిలింగదేశమని పెద్దలు చెప్పుదురు. ఇచ్చటి గర్భగృహమున ఒకే పానవట్టము మీద రెండు లింగములు కలవు. ఒకటి యముని పేర వెలసిన కాళేశ్వరుడు, రెండవది ముక్తేశ్వరుడు. ముక్తేశ్వర లింగమునకు రంధ్రములు కలవు. అందు పోసిన నీరు నదీసంగమమున కలియునని భక్తుల విశ్వాసము. గర్భగృహమునకు నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్లుండుట మరియొక విశేషము.

ఆలయ దర్శనము ముగిసిన పిమ్మట వెంటనే తిరుగుముఖము పట్టరాదు. మఠమును గూర్చి ఆలోచింప నెంచినవాడు నదికి దిగి, రేవు నుండి మరల పైకి నడువవలెను. పూర్వపు యాత్రికుడు వచ్చిన త్రోవ అదియే గదా. వార్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహితయై ఉత్తరము నుండి దిగివచ్చి ఇచ్చట గోదావరిని చేరుచున్నది. మూడవదిగా సరస్వతి అంతర్వాహినియై ఉన్నదని నమ్మిక. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు ఇచ్చటనే జరిగినవి. గట్టున నిలిచి ఉత్తరమునకు చూచిన, ప్రాణహితకు పడమట పూర్వపు ఆదిలాబాదు జిల్లా భూమి, తూర్పున మహారాష్ట్రమందలి సిరొంచ. ఆదిలాబాదు వైపున 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములకు అర్జునగుట్ట వద్ద భక్తులు స్నానమాడిరి. ఇంకను ఎగువన చెన్నూరు కలదు. అచ్చట గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించును. అగస్త్యేశ్వరాలయము ఆ ఊరి ప్రసిద్ధ శివక్షేత్రము.

ఈ నదుల కూడలిని కాళ్లతో కొలిచినవానికి, విశ్వేశ్వర శివాచార్యుడు ఇచ్చట మఠమును ఏల స్థాపించెనో ఊహించుట సులభము. ఉత్తరదేశము నుండి వచ్చు తపస్వులకు నది దాటు చోటు ఇది. స్నానమునకు, పితృకర్మకు వచ్చు జనమునకు ఆగు చోటు ఇది. చుట్టును అడవి. నది పొంగిన దినమున యాత్రికుడు రేవున చిక్కుకొనును. అట్టివానికి ఒక కప్పు, ఒక ముద్ద అన్నము, జ్వరము వచ్చిన మందు కావలెను. మఠము పుట్టుటకు ఇంతకంటె వేరు కారణము వెదకనక్కరలేదు.

నేడు యాత్రికులు దర్శించునది ఆలయమును. ఉపల మఠము పేరు వినవలెనన్న మందడపు శాసనము కడకే పోవలెను. దేవునికి కట్టిన ఇంటిని తరువాతి తరములు మరల మరల బాగుచేసికొనిరి. మనుష్యులకు కట్టిన ఇల్లు మనుష్యులు విడిచినంతనే మరుగుపడెను. ఈ భేదమే శిథిల మఠమును వెదకుట అంత కష్టమగుటకు కారణము.

6. మఠపు రూపమును ఎట్లు ఊహింపవలెను?

విశ్వేశ్వర శివాచార్యుని పరంపర వెలసిన మధ్యదేశమున ఆ కాలపు శైవ మఠములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానిలో ముఖ్యమైనది మధ్యప్రదేశమందు సీధీ జిల్లాలోని చంద్రేహి మఠము. అదియు శోణానదీ తీరముననే కలదు. ప్రశాంతశివుడను ఆచార్యుడు అచ్చట ఆలయమును కట్టించెను. ఆయన శిష్యుడు ప్రబోధశివుడు దాని ప్రక్కన మఠమును కట్టించి శాసనము వ్రాయించెను. ఆ శాసనము కలచురి శకము 724, అనగా క్రీ.శ. 973 నాటిది. ఆలయము వర్తులాకారమున శిల్పశోభతో వెలుగుచుండగా, మఠము సాదాగా, నడిమి ముంగిలి చుట్టును గదులతో, ముందు స్తంభముల వసారాతో నిలిచియున్నది. దాని కాలము ఉపల మఠమునకు దాదాపు మూడు వందల ఏండ్లు ముందుది. అయినను మఠమనగా ఎట్టి కట్టడమో తెలిసికొనుటకు అది మంచి పాఠము.

ఆ శాసనమున ఒక విశేషము కలదు. ప్రబోధశివుడు గురువు త్రవ్వించిన పాత బావిని రాతితో మరల కట్టించెను. కొండలలో బండలను పగులగొట్టించి, ఏరులను అడవులను దాటు బాట వేయించెను. జపతపములందే కాలము గడుపునని మనము భావించు సన్న్యాసి బాట వేయించుట చూడుడు! నీరును బాటయు మఠమునకు ప్రాణములని ఆ ఆచార్యుడు ఎరిగియుండెను.

7. పాదచారి పాటింపవలసిన పద్ధతి

మన జిల్లాలలో ఏ ఊరనైనను పాడుపడిన మఠము కలదని విన్నచో, ఈ క్రమమున పరిశీలింపుడు.

మొదట నీటిని వెదకుడు. బావి, కోనేరు, చెరువుతూము, నది రేవు ఇవి కట్టడముకంటె ఎక్కువ కాలము నిలుచును. బావి గట్టున నిలిచి చుట్టును చూచిన వంటశాల, ముంగిలి ఏ వైపున నుండియుండునో తోచును.

రెండవది, రాళ్లను లెక్కించుడు. ఆలయపు రాళ్లు ఏవి, నివాసపు రాళ్లు ఏవి అని నగునూరున నేర్చిన విభాగమును ఇచ్చట ఉపయోగింపుడు. ఊరిలోని ఇండ్ల పునాదులలోను, రచ్చబండలోను, పశువుల తొట్టిగాను పాత రాళ్లు చేరియుండవచ్చును. వానిని పెకలింపవద్దు. ఎక్కడ ఉన్నవో వ్రాసికొనుడు.

మూడవది, పేర్లను అడుగుడు. మఠం అను ఇంటిపేరు, మఠపు మాన్యము, జంగాల బావి వంటి పేర్లు రాళ్లకంటె దీర్ఘాయువులు. తెలంగాణములో ఇనాముల రద్దు చట్టము 1955లో వచ్చినది. అంతకు పూర్వపు సేత్వారు, పహాణీలలో మాన్యముల వివరములు దొరకవచ్చును. ఊరి పెద్దమ్మలను, పెద్దయ్యలను కూర్చుండబెట్టి వారి చిన్ననాటి మాటలను వినుడు. కాగితము తరువాతనైనను చూడవచ్చును, పెద్దల నోటిమాట వారితోనే పోవును.

నాలుగవది, అక్షరమును కాపాడుడు. శాసనమునకు సున్నము కొట్టరాదు, రంగు పూయరాదు, నూనె రాయరాదు, ఇనుపముక్కతో అక్షరములను గీయరాదు. మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, ఉదయముననో సాయంకాలముననో ఎండ వాలుగా పడునపుడు ఛాయాచిత్రము తీసిన అక్షరము స్పష్టముగా వచ్చును. ప్రభుత్వ పురావస్తుశాఖ 1974లో కరీంనగరు జిల్లా శాసనములను సంపుటముగా ప్రకటించినది. మీరు చూచిన శాసనము అందు కలదేమో పెద్ద గ్రంథాలయములలో సరిచూచుకొనుడు. లేనియెడల శాఖవారికి తెలుపుడు.

ఐదవది, త్రవ్వకుడు. నిధి కలదను ఆశతో నందీశ్వరులను, లింగములను పెకలించు దురాచారము మన పల్లెలలో వినుచున్నాము. భూమిలో దొరకిన నిధిని ప్రభుత్వమునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. 2017లో తెలంగాణ వారసత్వ సంరక్షణ చట్టము కూడ వచ్చినది. చట్టము అటుండగా, పలుగుపోటుతో తిరుగవేసిన నేలను మరల ఏ పండితుడును చదువలేడు.

ఆరవది, పరులది పరులదిగానే చెప్పుడు. ధూళికట్టలోని స్తూపము బౌద్ధులది, మఠములు పుట్టకముందే వేయేండ్లకు పూర్వపుది. కురిక్యాల వద్ద బొమ్మలగుట్ట జైనులది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు అచ్చట పదవ శతాబ్దమున శాసనము వేయించెను. గోదావరి అందరికిని నీరిచ్చినది. దొరకిన ప్రతి రాయిని మనదని చెప్పుకొనువాడు తన రాయిని కూడ నమ్మదగనిదిగా చేసికొనును.

8. ఏది కూలెను, ఏది నిలిచెను?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఉపల మఠము, గోళకీ మఠము వంటి స్థాపనలు రాజదానముపై నిలిచినవి. గ్రామములను రాజు ఇచ్చెను, ఆదాయమును రాజశాసనము పంచెను, ఆ శాసనమును రాజదండము కాపాడెను. 1323లో ఓరుగల్లు పతనమైనది. దండము విరిగిన పిమ్మట మఠమునకు గ్రామము చేర్చు చేయి లేకపోయెను. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము నడువవలెనన్న ప్రతిదినము ధాన్యము రావలెను గదా. ధాన్యము ఆగిన మఠము రాయిగా మిగులును.

శరణులు ఎన్నుకొన్న త్రోవ వేరు. వారు దాసోహమును రాజు చేతినుండి గాక కాయకము చేయు చేతినుండి కోరిరి. చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, తాడు పేనువాడు, వడ్లు దంచునామె తమ కష్టార్జితములో కొంత జంగమునకు పెట్టిరి. మల్కాపుర శాసనము అన్నము అందరికిని పెట్టవలెనన్నది. అది గొప్ప మాట, దానికి నమస్కరింపవలెను. అయినను ఆ సత్రమున చివరివాడు అన్నము తినువాడే గాని పెట్టువాడు కాడు. కల్యాణమున చివరివాడు పెట్టువాడును అయ్యెను. కోడియ మఠమునకును కల్యాణమునకును గల భేదము ఇదియే. కల్యాణము చెదరినప్పుడు శరణులు చెదరిరి. అయినను పెట్టు చేతులు అనేకములగుటచే, ఊరూర నడచిన జంగమునకు భిక్ష లేకపోలేదు. పాల్కురికి సోమనాథుడు ఆ శరణుల కథలను తెలుగున బసవపురాణముగా వ్రాసెను. ఆయన పండితారాధ్య చరిత్రములో పర్వత ప్రకరణము శ్రీశైలమునకు పోవు భక్తుల యాత్రను ఎంతయో విపులముగా వర్ణించుచున్నది. అది నడచువారి గ్రంథము, నడచువారి నోటనే నిలిచిన గ్రంథము.

స్థావరము వ్యర్థమని దీని భావము కాదు. కప్పు లేక వర్షమున తడియువానికి కప్పు కావలెను. విద్యార్థికి గది కావలెను. అయితే గోడ పనికొరకు పుట్టినది, పని గోడకొరకు పుట్టలేదు. నేడు మన మఠములు క్రొత్త ముఖద్వారములు, పాలరాతి నేలలు, కల్యాణమంటపములు నిర్మించుకొనుచున్నవి. సంతోషమే. కాని వేయి యేండ్ల పిమ్మట ఒక పాదచారి వచ్చి మన గోడల నడుమ నిలిచి, ఇచ్చట ఎవరు చదివిరి, ఎవరికి మందు దొరకెను, ఎవరి ఆకలి తీరెను అని అడిగిన, చెప్పుటకు మన శిలాఫలకములపై ఏమున్నది? దాతల పేర్లును, ఇచ్చిన మొత్తములును, ఆవిష్కరించినవారి పేర్లును ఉన్నవి. 1261 నాటి శిల ఉపాధ్యాయులను, వైద్యుని, విద్యార్థుల భాగమును, అన్నార్థులను పేర్కొనినది. ఆ శిలకడ మనము నేర్వవలసిన పాఠమిది. ఏ మఠమైనను సంవత్సరమునకు ఒకమారు తాను పెట్టిన అన్నమును, చెప్పిన చదువును, ఇచ్చిన మందును గూర్చి ఒక పుట వ్రాసి ఉంచినచో, అదియే దాని నిజమైన శాసనము.

9. మననమునకు ప్రశ్నలు

ఇంటిల్లపాదియు కూర్చుండి, లేదా మఠమున శివానుభవ గోష్ఠిలో ఈ ప్రశ్నలను చర్చించుకొనుడు.

(1) మల్కాపుర శాసనమున ఆదాయమును ఎన్ని భాగములు చేసిరి? మీ ఊరి మఠపు ఆదాయము నేడు ఏయే పనులకు వినియోగమగుచున్నది?

(2) కాలాముఖులకు, శుద్ధశైవులకు, వీరశైవులకు గల భేదములేవి? వారు చేసిన సేవలో సామ్యములేవి?

(3) ఆలయ శిథిలమునకును మఠ శిథిలమునకును గుర్తులు చెప్పుడు. మీ ఊరి పొలిమేరలో అట్టివి కలవేమో పిల్లలతో నడచి చూచి రండు.

(4) మీ ఇంటిపేరులో, పొలము పేరులో, బావి పేరులో మఠముయొక్క జాడ కలదా? ఇంటిలోని పెద్దలను అడిగి నోటుపుస్తకమున వ్రాసి ఉంచుడు.

(5) మీ కాయకపు ఫలములో దాసోహమునకు పోవు భాగమెంత? అది ఎవరి ఆకలిని తీర్చుచున్నది?

మొదటి నాలుగు ప్రశ్నలకు సమాధానములు గ్రంథములందును, పొలములందును, పెద్దల మాటలందును దొరకును. ఐదవదానికి సమాధానము ఎవరి ఇంట వారే వెదకవలెను.